పాత ఇంట్లో రేడియేటర్ వాల్వు పట్టేసిందా? పానా తీసే ముందు ఇది చదవండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. ఇంగ్లండ్‌లోని కొవెంట్రీలో 1930ల నాటి టెర్రస్ ఇల్లు (పక్కిళ్లతో గోడలు కలిసి వరుసగా ఉండే రకం) వేసవిలో కొన్నారు. అక్టోబరులో మొదటిసారి హీటింగ్ ఆన్ చేస్తే వెనక బెడ్‌రూమ్ రేడియేటర్, అంటే బాయిలర్ నుంచి వేడి నీళ్లు వచ్చి గదిని వెచ్చబరిచే ఇనుప పలక, మంచులా ఉంది. ఫ్రంట్ రూమ్‌లోది ఎంత తగ్గించినా కాలిపోతూనే ఉంది. మేడమీద లాండింగ్‌లో (మెట్లెక్కగానే ఉండే నడవలో) ఉన్నదానికి తెల్ల ప్లాస్టిక్ చక్రం అసలు తిరగడమే లేదు. వచ్చే నెల అత్తమామలు విజయవాడ నుంచి వస్తున్నారు, వెనక గది వాళ్లకే ఇవ్వాలి. అన్నిటికీ డబ్ల్యూడీ-40 స్ప్రే నూనె కొట్టి పెద్ద పానాతో తిప్పేస్తే సరిపోతుందా అన్నది ప్రశ్న.

తిప్పేయొద్దు. మీరు చెప్పినవి మూడూ మూడు వేర్వేరు జబ్బులు. మొదటి రెండూ చుక్క నీరు కారకుండా తేలిపోయే అవకాశమే ఎక్కువ. మూడోదాని మీద బలం చూపిస్తే ఓడిపోయేది మీరే. నేను ఈ దేశంలో చాలా ఏళ్లుగా పాత ఇళ్ల హీటింగ్ మరమ్మతులే చేస్తున్నాను. వాల్వు పట్టేసి ఉన్నందువల్ల ఎవరి ఇల్లూ పాడు కాదు, ఒక గది చల్లగా ఉంటుంది, అంతే. దాన్ని విడదీయబోయి కింది గది సీలింగ్ తడిపేసుకున్నవాళ్లు మాత్రం చాలామంది ఉన్నారు. కాబట్టి ముందు నీళ్లు ఎలా ఆపాలో చెప్తాను, వాల్వు సంగతి తరవాత.

వంటింట్లో సింక్ కింద ఇంటి మెయిన్ స్టాప్‌కాక్ ఉంటుంది. ఇవాళే దాన్ని ఒకసారి పూర్తిగా మూసి, పైన కుళాయి తిప్పి నీళ్లు ఆగుతున్నాయో లేదో చూడండి. పాత ఇళ్లలో అది కూడా ఏళ్ల తరబడి ఎవరూ ముట్టుకోక పట్టేసి ఉంటుంది. రేడియేటర్ దగ్గర నీళ్లు చిమ్ముతున్నప్పుడు ఈ సంగతి తెలియడం కంటే ఇప్పుడే తెలియడం మంచిది. అది కదలకపోతే బయట పేవ్‌మెంట్ మీద చిన్న మూత కింద ఇంకో కాక్ ఉంటుంది. అయితే టెర్రస్ ఇళ్లలో అది రెండు మూడు ఇళ్లకు కలిపి ఉండొచ్చు, పక్కింటివాళ్లకు చెప్పకుండా మూయకండి.

తరవాత మీ హీటింగ్ ఏ రకమో తెలుసుకోవాలి. లాఫ్ట్ (పైకప్పు కింది అటక) ఎక్కి చూడండి. అక్కడ పెద్ద ట్యాంకు, దాని పక్కన ఇంకో చిన్న ట్యాంకు ఉంటే మీది పాత పద్ధతి. రేడియేటర్లలో నీళ్లు తగ్గితే ఆ చిన్న ట్యాంకు నుంచి వాటంతట అవే దిగుతాయి. అంటే కింద వాల్వు ఊడితే పైనుంచి ధార ఆగదు. దాన్ని ఆపాలంటే ఆ ట్యాంకులో తేలే బంతిని పైకి ఎత్తి, ట్యాంకుకు అడ్డంగా ఒక కర్ర పెట్టి దానికి కట్టేయాలి. అప్పుడు కొత్త నీళ్లు చేరవు, ట్యాంకులోవీ పైపుల్లోవీ మాత్రం కిందికి వస్తాయి. లాఫ్ట్‌లో ట్యాంకులు లేకుండా బాయిలర్ మీద ప్రెజర్ గేజ్ ఉంటే మీది సీల్డ్ సిస్టమ్. ఇందులో నీళ్లు నింపేది ఫిల్లింగ్ లూప్ ఒక్కటే. సాధారణంగా బాయిలర్ కింద అల్లిక తొడుగున్న చిన్న గొట్టంలా కనిపిస్తుంది. దాని కుళాయిలు రెండూ మూసి ఉన్నంతవరకు లోపలున్న నీళ్లే తప్ప కొత్తవి రావు. చల్లగా ఉన్నప్పుడు గేజ్ 1, 1.5 బార్ మధ్య చూపిస్తుంది. డ్రెయిన్ కాక్ దగ్గర కొంచెం నీళ్లు వదిలి ఆ ముల్లును సున్నాకు తెచ్చారంటే, ఆ తరవాత ఎక్కడైనా జారినా చిమ్మదు, మెల్లగా కారుతుంది. తడబడకుండా గుడ్డ చుట్టడానికి టైమ్ దొరుకుతుంది.

ఆ డ్రెయిన్ కాక్ కూడా ఎక్కడుందో కనిపెట్టండి. కింది అంతస్తులో ఏదో ఒక రేడియేటర్ పైపు అడుగునో, ముందు తలుపు పక్కనో, వెనక గోడ బయటో ఉంటుంది. హోస్ పైపు తొడగడానికి వీలుగా గాట్లున్న చిన్న ఇత్తడి ముక్క అది. ఇది దొరకకుండా ఏ నట్టూ వదులు చేయకండి.

ఇక అసలు విషయం. హీటింగ్ వేసి అరగంట ఆగి, చల్లగా ఉన్న రేడియేటర్‌కు రెండు వైపులా నేల నుంచి వచ్చే పైపులను చేత్తో ముట్టుకుని చూడండి. జాగ్రత్త, బాగా కాలుతాయి. ఒక పైపు వాల్వు వరకు వేడిగా ఉండి వాల్వు దాటగానే చల్లగా ఉంటే దోషం వాల్వుదే. రేడియేటర్ పైభాగం మాత్రమే చల్లగా ఉంటే లోపల గాలి చేరింది, పైన మూల ఉన్న బ్లీడ్ స్క్రూ వదిలితే పోతుంది. అడుగు మధ్యలో చల్లగా ఉండి చుట్టూ వేడిగా ఉంటే నల్ల మడ్డి పేరుకుంది. లోపలి ఇనుము తుప్పు పట్టి అయ్యే మడ్డి అది. రెండు పైపులూ చల్లగా ఉంటే ఈ రేడియేటర్‌ను వదిలేసి ఇంకెక్కడైనా వెతకాలి. మేడమీద అన్నీ చల్లగా, కింద అన్నీ వేడిగా ఉంటే మాత్రం వాల్వుల జోలికే పోకండి. లాఫ్ట్‌లో చిన్న ట్యాంకు ఎండిపోయి ఉంటుంది. బంతి వాల్వు పట్టేసి నీళ్లు దిగడం మానేస్తే అలా అవుతుంది. ఇది చూడక రేడియేటర్లన్నీ మార్పించుకున్న ఇల్లు కూడా నాకు తెలుసు.

మీ వెనక గది విషయంలో వర్ణన చూస్తే వాల్వే. ఒక పక్క 1 నుంచి 5 అంకెలున్న తల ఉందన్నారు కదా, దాన్ని థర్మోస్టాటిక్ వాల్వు అంటారు, ఇక్కడివాళ్లు టీఆర్‌వీ అంటారు. డెన్మార్క్‌లో డాన్‌ఫాస్ కంపెనీ పెట్టిన మాడ్స్ క్లౌసెన్ 1943లో కనిపెట్టిన పద్ధతి. ఇప్పటికీ పెద్దగా మారలేదు, కరెంటు అవసరం లేదు. ఆ తల లోపల మైనమో ద్రవమో ఉంటుంది. గది వేడెక్కితే అది ఉబ్బి కింద వాల్వులో ఉన్న సన్నటి పిన్‌ను లోపలికి నొక్కుతుంది, నీటి దారి మూసుకుంటుంది. గది చల్లారితే అది ముడుచుకుంటుంది, వాల్వులోని స్ప్రింగ్ పిన్‌ను పైకి తోస్తుంది, దారి తెరుచుకుంటుంది. తల నొక్కగలదు కానీ పిన్‌ను పైకి లాగలేదు. పైకి లేవడమనేది పూర్తిగా ఆ చిన్న స్ప్రింగ్ పనే. ఈ ఒక్క సంగతి తెలిస్తే మీ ఇంట్లో ఏం జరిగిందో అర్థమవుతుంది. పాత ఓనర్లు వేసవిలో ఆ గది తలను సున్నాకో మంచు గుర్తుకో తిప్పి వదిలేసి ఉంటారు. పిన్ నెలల తరబడి కిందికి నొక్కుకుని ఉండి, దాని చుట్టూ ఉన్న రబ్బరు రింగుకు సున్నం, తుప్పు పట్టి అక్కడే అతుక్కుపోయింది. ఇప్పుడు మీరు 5 పెట్టినా స్ప్రింగ్‌కు దాన్ని లేపే బలం లేదు.

ఆ అంకెల గురించి ఒక మాట. మన ఇళ్లలో ఫ్యాన్ రెగ్యులేటర్‌కు అలవాటు పడి ఇక్కడ కూడా 5 అంటే ఫుల్ స్పీడ్ అనుకుంటాం. ఇవి వేగం కాదు, గది ఎంత వేడెక్కాక ఆగాలో చెప్పే గుర్తులు. 3 అంటే ఇంచుమించు 20 డిగ్రీలు. 5లో పెడితే గది త్వరగా వేడెక్కదు, ఆగాల్సిన చోట ఆగదు, అంతే. ఊరి నుంచి వచ్చిన పెద్దవాళ్లు చలికి తట్టుకోలేక అన్నీ 5కి, ఉక్కపోసి అన్నీ సున్నాకు తిప్పుతూ ఉంటారు. వాల్వుకు అది మంచి వ్యాయామమే కానీ గ్యాస్ బిల్లు చూసినప్పుడు టెన్షన్ మొదలవుతుంది.

వెనక గదిలో ఇలా చేయండి. తలను 5కి తిప్పండి. అప్పుడే పిన్ మీద ఒత్తిడి పోయి తల సులువుగా వస్తుంది. కింద గరుకుగా ఉన్న రింగు ఉంటే అపసవ్యంగా, అంటే గడియారం ముల్లుకు ఎదురు దిశలో వదులు చేయండి. చేత్తో రాకపోతే గుడ్డ చుట్టి ప్లయర్‌తో మెల్లగా తిప్పండి. కొన్ని డాన్‌ఫాస్ రకాలకు రింగు బదులు క్లిప్పు ఉంటుంది. తల తీస్తే నీళ్లు రావు, భయపడక్కర్లేదు. తల అసలు నీటిని తాకదు.

ఇప్పుడు వాల్వు మధ్యలో పిన్ కనిపిస్తుంది. పక్కన బాగా పనిచేస్తున్న గదిలోని తల కూడా తీసి రెండు పిన్నులనూ పోల్చి చూడండి. ఆరోగ్యంగా ఉన్నది కొంచెం పైకి లేచి ఉంటుంది. నొక్కితే రెండు మూడు మిల్లీమీటర్లు దిగి, వదలగానే వెనక్కి తన్నుతుంది. స్ప్రింగ్ గట్టిది, వేలితో నొక్కితే నొప్పి పుడుతుంది, పానా చదును భాగమో చెక్క గరిటె పిడో వాడండి. మీ వెనక గది పిన్ కిందికి దిగి అలాగే ఉండిపోయి ఉంటుందని నా అంచనా. దాన్ని మరికొంచెం కిందికి నొక్కి వదలండి, మళ్లీ నొక్కి వదలండి. మధ్యమధ్యలో వాల్వు ఇత్తడి ఒంటిమీద పక్కనుంచి చెక్కతో చిన్నగా తట్టండి. పిన్ తల మీద కొట్టొద్దు. హెయిర్ డ్రయ్యర్‌తో వాల్వును వేడి చేస్తే రబ్బరు మెత్తబడి ఇంకా సులువవుతుంది. బ్లోలాంప్ ఊసే వద్దు. లోపలి రబ్బరు కాలిపోతుంది, వెనక వాల్‌పేపర్ కూడా.

నూటికి ఎక్కువపాళ్లు ఈపాటికే టక్కున పైకి లేస్తుంది, నిమిషంలో పైపు వేడి రేడియేటర్‌లోకి పాకుతుంది. లేవకపోతే చిన్న ప్లయర్‌తో పిన్‌ను పట్టుకుని కుడికీ ఎడమకీ సన్నగా తిప్పండి. గుర్తుంచుకోండి, తిప్పాలి, లాగకూడదు. కొన్ని కంపెనీల వాల్వుల్లో పిన్ లాగితే పూర్తిగా బయటికి వస్తుంది, దాని వెనకాలే నల్లటి వేడి నీళ్లు సీలింగ్ దాకా చిమ్ముతాయి. ఇంటర్నెట్‌లో పిన్ పట్టుకుని పైకి లాగమని సలహా ఇచ్చేవాళ్లు ఎవరి కార్పెట్ మీద నేర్చుకున్నారో నాకు తెలియదు.

కదిలాక ఒక చుక్క సిలికాన్ గ్రీజు పిన్ మీద పెట్టి ఓ ఇరవై సార్లు నొక్కి వదలండి. ఇక్కడే మీ డబ్ల్యూడీ-40 ప్రశ్న వస్తుంది. అది పెట్రోలియం నూనెల సరుకు. ఈ వాల్వుల్లో చాలావాటికి ఉండే రింగు ఈపీడీఎం అనే రబ్బరు. వేడినీళ్లకు బాగా ఆగుతుంది కానీ పెట్రోలియం నూనె తగిలితే ఉబ్బుతుంది. ఇవాళ పిన్ కదిలినట్టే కదిలి, కొన్నాళ్లకు ఇంకా గట్టిగా పట్టేయొచ్చు, లేదా కారడం మొదలెట్టొచ్చు. ఉబ్బిన రింగును మళ్లీ పాతరూపానికి తేలేం. సిలికాన్ గ్రీజు ట్యూబు ఏ ప్లంబింగ్ షాపులోనైనా చవకగా దొరుకుతుంది, ఒకటి కొంటే ఏళ్ల తరబడి వస్తుంది. డబ్ల్యూడీ-40ని బయటి నట్టు మరల కోసం దాచుకోండి, అక్కడ పనికొస్తుంది.

పిన్ పైకి లేచి చక్కగా కదులుతున్నా రేడియేటర్ చల్లగానే ఉంటే రెండో చివర ఉన్న లాక్‌షీల్డ్ అనే వాల్వు మూసి ఉందేమో చూడాలి. అది తిప్పడానికి వీల్లేని ప్లాస్టిక్ టోపీ పెట్టుకుని ఉంటుంది. టోపీ తీస్తే లోపల చిన్న ఇత్తడి కాడ ఉంటుంది. ఎవరో పెయింట్ వేయడానికి రేడియేటర్ దించి మళ్లీ తెరవడం మరిచిపోవడం చాలా మామూలు.

ఫ్రంట్ రూమ్ దీనికి ఉల్టా కేసు. అక్కడ కూడా తల తీసి పిన్‌ను చెక్కతో కిందికి నొక్కి ఓ పది నిమిషాలు పట్టుకోవాలి. అంతసేపు పట్టుకోవడం విసుగు. తలతో పాటు వచ్చే ప్లాస్టిక్ టోపీ ఉంటే దాన్ని బిగించండి, అదే నొక్కి ఉంచుతుంది. రేడియేటర్ చల్లారుతూ వస్తే వాల్వు బాగానే ఉంది, తలలోని ద్రవం కారిపోయి ఉబ్బే శక్తి పోయింది. కొత్త తల కొంటే చాలు, నీళ్లు తీయక్కర్లేదు. కానీ అదే కంపెనీది కొనాలి. చాలా కంపెనీలు 30 మిల్లీమీటర్ల మరకు వచ్చేలా చేస్తాయి, అయినా మర సరిపోయినంత మాత్రాన పిన్ ఎత్తు సరిపోతుందని కాదు. పిన్ నొక్కినా రేడియేటర్ చల్లారకపోతే లోపల వాషరు అరిగిపోయింది, లేదా మడ్డి రేణువు అడ్డం పడింది. పిన్‌ను చాలాసార్లు ఆడిస్తే రేణువైతే కొట్టుకుపోతుంది, వాషరైతే వాల్వు మార్చడమే.

దానికంటే ముందు ఇంకోటి చూడండి. ఫ్రంట్ రూమ్‌లో ఆ తలకు ఎదురుగా సోఫా ఉందా? కర్టెన్ దాని మీద పడుతోందా? కిటికీ సందుల్లోంచి చలిగాలి తిన్నగా తల మీదికే వస్తే గది ఎంత వేడెక్కినా దానికి చలిగానే ఉంటుంది, వాల్వు మూయదు. కర్టెన్ వెనక చిక్కుకుంటే దీనికి ఎదురు. అక్కడ వేడి నిలిచిపోయి గది వణుకుతుండగానే మూసేస్తుంది. మన ఇళ్లలో ఆరవేసిన తువ్వాళ్లు, పిల్లల యూనిఫాంలు కూడా ఇదే పని చేస్తాయి. ఇంకో కారణం కూడా ఉండొచ్చు. గోడ మీద రూమ్ థర్మోస్టాట్ ఆ గదిలోనే ఉంటే అక్కడి రేడియేటర్‌కు టీఆర్‌వీ పెట్టకూడదు, పెట్టినా పూర్తిగా తెరిచి ఉంచాలి. లేకపోతే రెండూ ఒకదానితో ఒకటి పోట్లాడుకుంటాయి, బాయిలర్ ఆగకుండా నడుస్తూనే ఉంటుంది.

ఇక లాండింగ్‌లోని తెల్ల చక్రం. ఇది థర్మోస్టాట్ కాదు, మామూలు చేతి వాల్వు. చాలా చవక రకాల్లో చక్రం వాల్వూ లాక్‌షీల్డూ లోపల ఒకటే, పైన తొడిగే టోపీ మాత్రమే తేడా. ముందు ఆ చక్రాన్ని తీసేయండి. మధ్యలో స్క్రూ ఉంటే విప్పండి, లేకపోతే నిటారుగా పైకి లాగితే ఊడివస్తుంది. ప్లాస్టిక్ లోపల గాట్లు అరిగిపోయి చక్రం మాత్రమే తిరిగే రకం కాదని మీరు రాసిన తీరు బట్టి తెలుస్తోంది. మీది కాడే పట్టేసింది.

ఈ కాడ ఇత్తడిది, ఇత్తడి మెత్తన. పెద్ద పానాతో ఊపిరి బిగించి తిప్పితే కాడ మెలి తిరిగి తెగుతుంది. ఇంకా దారుణం ఏమిటంటే వాల్వు ఒళ్లంతా తిరిగి, కింద రాగి పైపు వంగి, నేల చెక్కల కింద ఎక్కడో జాయింటు వదులవుతుంది. ఆ లీకు మీకు కనిపించదు. కింది గది సీలింగ్‌లో గోధుమరంగు మరకగా వారం తరవాత కనిపిస్తుంది. అందుకని రెండు పానాలు వాడండి. ఒకటి వాల్వు ఒంటిని కదలకుండా పట్టుకోవడానికి, చిన్నది కాడ తిప్పడానికి. చిన్నదే ఎందుకంటే పొడుగు పిడి మీ చేతికి అబద్ధపు బలం ఇస్తుంది.

మొదట మూసే దిశలో వెంట్రుకవాసి ప్రయత్నించండి, తరవాత తెరిచే దిశలో అంతే, మళ్లీ మూసే దిశలో. అటూ ఇటూ ఆడిస్తేనే లోపలి సున్నం నలుగుతుంది. ఒకే దిశలో తోస్తే తెగుతుంది. కదలకపోతే కాడ చుట్టూ ఉన్న గ్లాండ్ నట్టును చూడండి. లోపలి ప్యాకింగ్‌ను అదిమి పట్టేది అదే. హీటింగ్ ఆపి, పైపులు చల్లారాక, కింద పాత తువ్వాలు, బేకింగ్ ట్రే పెట్టుకుని ఆ నట్టును పావు చుట్టు మాత్రమే వదులు చేయండి. ఒకటి రెండు చుక్కలు ఊరితే పరవాలేదు. ప్యాకింగ్ పట్టు సడలితే కాడ కదులుతుంది. కదిలాక నట్టును మళ్లీ చుక్క ఆగేంతవరకే బిగించండి. మరీ బిగిస్తే మళ్లీ మొదటికే వస్తుంది. నట్టును పావు చుట్టు దాటి విప్పకండి. పూర్తిగా ఊడితే కాడ వెంట నీళ్లన్నీ వస్తాయి.

లాక్‌షీల్డ్ కాడ తిప్పాల్సి వస్తే మాత్రం మూయడానికి ఎన్ని చుట్లు పట్టిందో లెక్కపెట్టి గోడ మీద పెన్సిల్‌తో రాసుకోండి. ఎవరో ఒకప్పుడు ఇల్లంతా వేడి సమంగా పంచడానికి దాన్ని అంతమేర తెరిచి ఉంచారు. మళ్లీ అంతే తెరవాలి. పూర్తిగా తెరిచేస్తే బాయిలర్‌కు దగ్గరున్న ఆ రేడియేటర్ నీళ్లన్నీ తాగేసి దూరంగా ఉన్నవి చల్లబడతాయి.

ఒక సాయంత్రం ఇలా ప్రయత్నించి, రాత్రంతా వదిలేసి, మర్నాడు ఇంకోసారి చూడండి. అప్పటికీ కదలకపోతే వదిలేయండి. లాండింగ్ రేడియేటర్ తెరిచిన స్థితిలోనే పట్టేసిందంటున్నారు, వేడిగానే ఉంది. నడవ వెచ్చగా ఉంటే ఎవరికీ నష్టం లేదు. పైగా హీటింగ్‌లో ఏదో ఒక రేడియేటర్ ఎప్పుడూ తెరిచి ఉండటం బాయిలర్ పంపుకు మంచిదే. అన్ని టీఆర్‌వీలూ ఒకేసారి మూసుకుంటే నీళ్లు తిరగడానికి దారి ఉండాలి కదా. పట్టేసినదల్లా విడిపించి తీరాల్సిన పని లేదు. అత్తమామలు వచ్చే ముందు నెలలో ఇలాంటిదాన్ని కదిలించడం నేనైతే చేయను. వసంతంలో మార్చుకోండి.

మార్చేటప్పుడు ఒక్కటి మార్చకండి. నీళ్లు తీయడం, నింపడం, గాలి తీయడం అన్నదే పెద్ద పని. వాల్వు మార్చడం దానిలో చిన్న ముక్క. టీఆర్‌వీ, లాక్‌షీల్డ్ జత పదిహేను ఇరవై పౌండ్లకు కూడా వస్తుంది. మేడమీద పాతవన్నీ ఒకేరోజు మార్పించేస్తే మళ్లీ ఏళ్లపాటు అటు చూడక్కర్లేదు. మీరే చేసుకోగలరా అంటే, కంప్రెషన్ జాయింటు (నట్టు బిగిస్తే లోపలి రింగు పైపును పట్టేసే రకం) బిగించిన అనుభవం ఉంటే చేసుకోవచ్చు. రేడియేటర్, దాని వాల్వులు గ్యాస్ పని కిందికి రావు. బాయిలర్ లోపలి పని మాత్రం గ్యాస్ సేఫ్ (గ్యాస్ పనివాళ్ల అధికారిక జాబితా) రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్లే చేయాలి. కొందరు పెద్దవాళ్లు ఇంకా పాత జాబితా పేరుతో కోర్గీ మనిషిని పిలవమంటారు, 2009 ఏప్రిల్ నుంచి ఆ చోట గ్యాస్ సేఫే ఉంది. వచ్చినవాళ్ల కార్డు అడిగి చూడటానికి మొహమాటపడకండి.

మీరే చేస్తే కొన్ని సంగతులు. మేడమీది వాటికి సిస్టమంతా ఖాళీ చేయక్కర్లేదు, నీటి మట్టం మేడ రేడియేటర్ల కిందికి దిగితే చాలు. బాయిలర్ కరెంటు ఆపి, హోస్ తొడిగి డ్రెయిన్ కాక్ తెరిచాక పైన బ్లీడ్ స్క్రూలు వదిలితే గాలి లోపలికి వెళ్లి నీళ్లు దిగుతాయి. కాక్ తెరిచినా చుక్క రాకపోతే ఆశ్చర్యపోకండి, అందులోని వాషరు కూడా సీటుకు అతుక్కుని ఉంటుంది. హోస్ రెండో చివరను టాయిలెట్‌లోకో మురుగు కాల్వలోకో పెట్టండి. పెరట్లో గులాబీల మొదట్లో కాదు, అందులో రసాయనాలుంటాయి. ఆ నల్ల నీళ్లు కార్పెట్ మీద పడితే మరక పోదు, పరిచే తువ్వాళ్ల విషయంలో పిసినారితనం వద్దు.

రేడియేటర్‌లో బిగించే తోక ముక్కకు టెఫ్లాన్ టేపు పది పన్నెండు చుట్లు మర బిగించే దిశలోనే చుట్టండి. టీఆర్‌వీ కొనేటప్పుడు నీళ్లు ఏ వైపు నుంచి వచ్చినా పనిచేసే రకం తీసుకోండి, ఒంటి మీద రెండు వైపుల బాణం ఉంటుంది. ఒకే దిశ రకం తిరగేసి బిగిస్తే మూసుకునేటప్పుడు టకటకమని రాత్రంతా కొట్టుకుంటుంది. తలను నిటారుగా కాకుండా అడ్డంగా ఉండేలా పెట్టగలిగితే పైపు వేడి దానికి తగిలి మోసపోకుండా ఉంటుంది. నింపేటప్పుడు ఇన్హిబిటర్ (తుప్పు పట్టకుండా ఆపే ద్రవం) పోయడం మరవకండి. ఫెర్నాక్స్, సెంటినెల్ లాంటివి అన్ని షాపుల్లో ఉంటాయి, ఎన్ని రేడియేటర్లకు ఎంతో సీసా మీదే రాసి ఉంటుంది. అది పోయకపోతే కొత్త నీళ్లలోని ఆక్సిజన్‌తో లోపల తుప్పు మళ్లీ మొదలై, ఆ మడ్డే రేపు కొత్త వాల్వులనూ పట్టేస్తుంది.

పాత ఇల్లు కాబట్టి ఒక హెచ్చరిక. పైపుల మీద సున్నం పూత లాంటి తెల్లటి మందపాటి తొడుగు ఎక్కడైనా కనిపిస్తే దాన్ని గీకొద్దు, విరగ్గొట్టొద్దు. ఆస్బెస్టాస్ (దుమ్ము పీలిస్తే ప్రమాదమైన రాతినార) కావచ్చు. ఈ దేశంలో దాని వాడకం పూర్తిగా నిషేధించింది 1999లోనే, అంతకు ముందు వేసినవి ఇంకా ఇళ్లలో ఉన్నాయి. అలాంటిది ఉంటే ముందు పరీక్ష చేయించండి.

ఇది చదివే అద్దె ఇళ్లవాళ్లకు ఒక మాట. ఇంగ్లండ్‌లో మామూలు అద్దె ఒప్పందమైతే హీటింగ్ బాగుచేయించే బాధ్యత ఇంటి ఓనరుదే, 1985 లాండ్‌లార్డ్ అండ్ టెనెంట్ చట్టం 11వ సెక్షన్ అదే చెప్తుంది. మీరు పానా పట్టుకోకండి. ఈమెయిల్ రాసి, రాసినట్టు సాక్ష్యం ఉంచుకోండి.

మీ విషయానికి వస్తే, మళ్లీ పట్టేయకుండా చేయాల్సింది చాలా తక్కువ. ఏప్రిల్‌లోనో మేలోనో హీటింగ్ ఆపే రోజున టీఆర్‌వీ తలలన్నీ 5కి తిప్పి అలాగే వదిలేయండి. బాయిలర్ ఆగి ఉంటుంది కాబట్టి ఖర్చేమీ ఉండదు, పిన్నులు వీలైనంత పైకి లేచి ఉంటాయి. స్టాప్‌కాక్, చేతి వాల్వులైతే పూర్తిగా తెరిచి, పావు చుట్టు వెనక్కి తిప్పి వదలండి. చివరిదాకా బిగిస్తే తెరిచే వైపే పట్టేస్తాయి. నెలకోసారి తలలన్నీ ఆ చివర నుంచి ఈ చివరకు తిప్పడం పిల్లలకు అప్పజెప్పండి.

సంక్రాంతికి ఇండియా వెళ్లేటప్పుడు మాత్రం హీటింగ్ పూర్తిగా ఆపి వెళ్లకండి. తలలను మంచు గుర్తుకు పెట్టి బాయిలర్ ఆపేస్తే ఆ గుర్తు ఏమీ చేయలేదు. టీఆర్‌వీకి బాయిలర్‌ను వెలిగించే శక్తి లేదు, వేడి నీళ్లు వస్తేనే అది పంచుతుంది. గోడ థర్మోస్టాట్‌ను 12, 15 డిగ్రీల మధ్య పెట్టి హీటింగ్ ఆన్‌లోనే ఉంచండి. చాలా ఇన్సూరెన్స్ పాలసీల్లో చలికాలంలో ఇల్లు ఖాళీగా ఉంటే ఏం చేయాలో షరతులుంటాయి, టికెట్లు బుక్ చేసే రోజే అవి కూడా చదవండి.

ముందు వెనక గది పిన్ చూడండి, ఏమైందో రాయండి. లాండింగ్ వాల్వు చక్రం తీశాక కాడ ఫోటో, దాని కింద పైపు ఫోటో పెట్టండి. పైపు రాగిదైతే 1970ల మొదట్లో మిల్లీమీటర్ల కొలతలు వచ్చాయి కాబట్టి అంతకు ముందుది కూడా కావచ్చు. అర అంగుళానిదైతే ఇప్పటి 15 మిల్లీమీటర్ల వాల్వు సరిపోతుంది, ముప్పావు అంగుళానిదైతే 22కు నేరుగా సరిపోదు, అడాప్టర్ కావాలి. ఇనుప పైపైతే మర రకం వేరు. అది చూసి ఏది కొనాలో చెప్తాను.